సముద్రం దాటిన బోధకుడు, పాసు కావలసిన మనుషులు

విదేశాల నుంచి మిషనరీలు మన దగ్గరకు వచ్చిన సంగతి మన యువతకు కొంతైనా తెలుసు. కావలి, స్టూవర్టుపురం, సీతానగరం అనే పేర్లు వినని ఎరుకల ఇల్లు అరుదు. అయితే ఆ కాలంలోనే నెల్లూరు ప్రాంతం నుంచి ఒక తెలుగు బోధకుడు ఆఫ్రికాకు వెళ్ళాడు. ఆయనను పంపింది తెల్లవాళ్ళు కాదు, పేద తెలుగు సంఘాలు. ఈ విషయం మేము హాస్టల్లో చెబితే పిల్లలు ఆశ్చర్యపోతుంటారు. ఆయన పేరు రెవరెండ్ జాన్ రంగయ్య. వెళ్ళిన సంవత్సరం 1903.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. రంగయ్య గారు మనవాడే అని మేము అనడం లేదు. సావనీరు అనగానే గొప్పవాళ్ళందరినీ మన ఖాతాలో వేసుకునే అలవాటు మంచిది కాదు. ఆయన కథ ఒకచోట మన తాతల కథను తాకుతుంది. అందుకే రాస్తున్నాం.

నాటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో తూర్పు తీర ప్రాంతం. అక్కడి చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి వెళ్ళినవాళ్ళు లక్షా యాభై వేల పైచిలుకు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం వాళ్ళే: తమిళులు, తెలుగువాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తిండి గింజలు. తోట దాటి బయటకు పోవాలంటే యజమాని రాసిచ్చిన పాసు చేతిలో ఉండాలి. ఈ పాసు సంగతి గుర్తుపెట్టుకోండి.

వెళ్ళిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది హిందువులు. వారి రామభజనలు అక్కడ ఈనాటికీ వినబడతాయి. కొద్దిమంది మాత్రం బాప్టిస్టులు. ఒంగోలు, నెల్లూరు సీమలో 1876-78 కరువు తర్వాత పెరిగిన సంఘాల వాళ్ళు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వించే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని, ఆ పని జరిగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వారిలో అధికులు మాదిగలు. ఆయనకంటే ముందు ఊరూరా తిరిగి దారి వేసినవాడు తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. చరిత్ర పుస్తకాల్లో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పేరయ్య పేరు వెతుక్కోవాలి.

నాటాల్లో ఈ కొద్దిమందీ పని ముగిశాక కూలి లైన్లలో కూడి తెలుగులోనే ప్రార్థన చేసుకునేవారు. పాస్టరు లేడు. సంఖ్య మాత్రం పెరుగుతోంది. మాకొక బోధకుణ్ణి పంపండి అని స్వదేశంలోని సంఘాలకు కబురు పెట్టారు. తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ ఆ పిలుపు అందుకుని రంగయ్య గారిని పంపింది. ఖర్చు సంఘాల కానుకల నుంచి వచ్చింది. పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే ఆడవాళ్ళు ఉన్న సంఘాలవి. మాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఎప్పుడూ అందుకునేవాళ్ళుగానే లెక్కలోకి వచ్చిన జనం, ఆ ఏడు ఇచ్చేవాళ్ళయ్యారు. విచిత్రంగా అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు కూడా సొంతంగా ఒక మిషనరీ సొసైటీ పెట్టుకుని, ఆ తర్వాత మన దోర్నకల్లు వైపు మనుషులను పంపారు.

1903 డిసెంబరు చివర కియర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తోట యజమాని లీజ్ హ్యూలెట్ మెథడిస్టు భక్తుడు కాబట్టి అక్కడ ఆరాధనకు చోటు దొరికింది. కానీ అదే తోటలో కూలీల బతుకు ఒప్పందపు బతుకే అని మరచిపోకూడదు. రంగయ్య గారు ఒప్పంద కూలీ కాదు కాబట్టి ఒక తోట నుంచి ఇంకో తోటకు వెళ్ళగలిగారు. వాళ్ళు రాలేరు, ఆయనే పోవాలి. ఆయన పనిలోని అసలు కష్టం ఇదే. ఒప్పందం తీరినా అక్కడే ఉండిపోయినవాళ్ళకు 1895 చట్టం ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లకూ ఆ పన్ను తప్పలేదు. గాంధీ గారి నాయకత్వంలో 1913లో జరిగిన సమ్మె తర్వాత, 1914లో అది రద్దయింది. రంగయ్య గారు 1915లో నాటాల్లోనే కన్నుమూశారు.

ఇక మన తాతల దగ్గరకు వద్దాం. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911 కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని దొరతనం రాసుకుంది. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మినవాళ్ళు మనవాళ్ళు. ఆ వ్యాపారం రైళ్ళు వచ్చాక దెబ్బతిన్నది. తిరగడమే జీవనం అయినవాళ్ళను సెటిల్మెంట్లలో పెట్టారు. వాటిని నడిపే పని మిషన్లకు అప్పగించారు: స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీకి, కావలి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు. బడి పెట్టారు, పని నేర్పారు, వైద్యం చేశారు, నిజమే. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా కదలకూడదు, అదీ నిజమే.

అంటే నెల్లూరు నుంచి నాటాల్‌కు బోధకుడు వెళ్ళి, పాసు లేనిదే కదలలేని కూలీలతో కలిసి ప్రార్థన చేస్తున్న రోజుల్లోనే, నెల్లూరు జిల్లా కావలిలో మన జనానికి పక్క ఊరి సంతకు పోవడానికి పాసు కావలసి వచ్చింది. బాప్టిస్టు అనే పేరు రెండుచోట్లా ఉంది. ఒకచోట పేదలు పేదల దగ్గరకు వెళ్ళారు. ఇంకోచోట ప్రార్థన, ప్రభుత్వ పహరా ఒకే చేతిలో ఉన్నాయి. ఈ తేడాను మా పిల్లలు చూడాలని మా కోరిక. మన కుటుంబాల్లో చర్చికి పోయేవాళ్ళున్నారు, కొల్లాపురమ్మను కొలిచేవాళ్ళున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. ఎవరు మోసపోయారు, ఎవరు మారిపోయారు అని పండగలప్పుడు వాదించుకోవడం కన్నా, ఆ సెటిల్మెంట్లలో మన ముసలమ్మలు దేన్ని కోరి తీసుకున్నారో, దేన్ని తప్పక తీసుకున్నారో అడగడం ఉపయోగం.

మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది పోయింది. నాటాల్ ఓడల జాబితాలు మాత్రం ఇంకా ఉన్నాయి. ప్రతి కూలీకీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. సెటిల్మెంటు కాలం నాటి పాసు కాగితం గానీ, హాజరు కాగితం గానీ మీ ఇంటి ట్రంకు పెట్టెలో ఉంటే పారేయకండి. ఫోటో తీసి సంఘానికి పంపండి. ఏ ఊరు, ఎవరి కాగితం అన్నది వెనక పెన్సిలుతో రాయండి.