సీసపు గుండ్ల అచ్చు

సీసపు గుండ్ల అచ్చు అంటే తుపాకిలో వేసే గుండును ఇంటి దగ్గరే పోతపోసుకోవడానికి వాడిన చేతి పనిముట్టు. రెండు పిడులు, వాటి కొసన ఒకదానికొకటి అతుక్కునే రెండు దిమ్మెలు, ఒక్కో దిమ్మెలో అర గుండు పట్టే గుంట, పైన కరిగిన సీసం పోసే సన్నని కాలువ ఉంటాయి. ఇత్తడితోనూ ఇనుముతోనూ, కొన్ని దేశాల్లో మెత్తని బలపపు రాతితోనూ వీటిని చేశారు. రాయలసీమ ఆయుధాల చరిత్రను కోటలు, ఫిరంగుల చుట్టూ చెప్పడం మనకు అలవాటు. అయితే గుమ్మఘట్ట, రాయదుర్గం, గుత్తి ప్రాంతాల్లో బలం ఒక్క చోట పోగుపడకుండా ఊరూరా ఎందుకు చెల్లాచెదురై ఉండేదో, ఆ పరిస్థితి ఎప్పుడు ఎలా అంతరించిందో ఫిరంగి కన్నా ఈ చిన్న అచ్చే బాగా వివరిస్తుంది. ఇంట్లో గుండ్లు పోసుకునే పద్ధతిని ఈస్టిండియా కుంపిణీ వారి జప్తుల కన్నా కార్ఖానాలో తయారైన లోహపు తూటా ఎక్కువగా దెబ్బతీసిందన్నది ఇక్కడి వాదన.

ముందు లోహం సంగతి చూడాలి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రాగికి 1085 డిగ్రీలు కావాలి. అంటే సీసానికి కొలిమి, తిత్తులు, నేర్పరి అయిన పోతపనివాడు అక్కర్లేదు, కట్టెల పొయ్యి వేడి సరిపోతుంది. నేర్పంతా అచ్చును పరీక్షించడంలోనే ఉంది. కొత్త అచ్చులో నూనె జిడ్డు తుడిచేసి, గుంటల లోపల దీపపు మసి పట్టించడం పాత పద్ధతి. తొలి గుండ్లు దాదాపు ఎప్పుడూ ముడతలు పడే వస్తాయి, ఎందుకంటే చల్లని దిమ్మెకు తగలగానే సీసం గుంట నిండకముందే గడ్డకడుతుంది. వాటిని తిరిగి కరిగే సీసంలో వేసేస్తారు. దిమ్మెలు వేడెక్కే కొద్దీ గుండు నున్నబడి మెరుస్తుంది. వేడి మరీ ఎక్కువైతే మెరుపు పోయి పైన గరుకుగా తెల్లబారుతుంది. నడిమి అతుకు వెంట పలచని రెక్క లేస్తే దిమ్మెలు సరిగా మూసుకోవడం లేదని అర్థం. అన్నిటికన్నా మోసం చేసేది లోపలి బోలు. గడ్డకట్టేటప్పుడు సీసం ఘనపరిమాణం సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది. కాలువలో నిలిచిన సీసం ఆ లోటును పూడ్చకపోతే, పైకి గుండ్రంగా కనిపించే గుండు కడుపులో ఖాళీ మిగిలిపోతుంది. కంటికి ఆనని ఆ లోపాన్ని పట్టిచ్చేది త్రాసే. 17.5 మిల్లీమీటర్ల అడ్డకొలత గల గుండు సుమారు 32 గ్రాములు తూగుతుంది. అర మిల్లీమీటరు పెరిగితే బరువు 34 గ్రాములు దాటుతుంది. గుంటను చెక్కడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బరువులో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అచ్చు తుపాకికి సరిపోయిందా అన్నది చివరి పరీక్ష. గొట్టంలో గుండు బిగుసుకుంటే ప్రమాదం, మరీ వదులైతే గురి తప్పుతుంది.

ఫిరంగి పోతతో పోల్చి చూస్తే ఈ పని ఎంత సులువో తెలుస్తుంది. ఆ పోలికకు గండికోటే చోటు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో ఆ కోటను పట్టుకున్నాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే తాను చూసినది, విన్నది రాసిపెట్టాడు. మాయే అనే ఫ్రెంచివాడు 48 పౌన్ల గుండు వేసే ఫిరంగులు పది, 24 పౌన్లవి పది పోసి ఇస్తానని ఒప్పుకున్నాడట. రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను తెప్పించారు. చివరికి పోసిన వాటిలో ఒకటి పగిలింది, మరొకటి పూర్తికాలేదు. ఒక్క ఫిరంగి కూడా పనికొచ్చేలా తయారు కాకుండానే అతను కొలువు వదిలి వెళ్లిపోయాడు. ఒక పెద్ద సేనాని అధికారం, విదేశీ నిపుణుడు, కొల్లగొట్టిన లోహం అన్నీ ఉండి కూడా పెద్ద అచ్చు విఫలమైంది. అదే కాలంలో ఏ పాలెంలోనైనా ఒక బంటు తన తుపాకికి కావలసిన గుండ్లను పొయ్యి దగ్గర కూర్చుని పోసుకోగలిగేవాడు. ఫిరంగి రాజ్యం చేతిలో ఉండిపోయింది, తుపాకి గుండు మాత్రం ఇంటింటికీ చేరింది. స్థానిక సాయుధ నాయకులైన పాళెగాళ్లు గోల్కొండకు, మొగలాయిలకు, హైదర్‌కు, టిప్పుకు ఎన్నిసార్లు లొంగినా మళ్లీ తలెత్తడానికి ఇది ఒక ముఖ్య కారణమని భావించడం సబబు.

గుమ్మఘట్ట రాయదుర్గం పాళెగాళ్ల సీమలోది. గుట్టలు, రాతి నేల, వేదవతి ఒడ్డు, అరకొర వాన: పెద్ద సైన్యానికి తిండిగింజలు దొరకని చోటు. చిన్న చిన్న గుంపులు దాక్కుని పోరాడటానికి మాత్రం అనువైనది. ఇక్కడి గ్రానైటు నేలలో సీసపు ఖనిజం లేదు. కడప బేసిన్‌లో జంగంరాజుపల్లె దగ్గర పాత సీసపు పనుల ఆనవాళ్లున్నాయి కానీ, ఈ పీఠభూమి ఊళ్లకు సీసం సంత సరుకే. తుపాకి మందుకు కావలసిన బొగ్గు ఊళ్లోనే చేసుకునేవారు, సురేకారాన్ని చౌడుమట్టి కడిగి తీసేవారు. గంధకం బయటినుంచి రావాలి. సీసానికి ఒక మంచి గుణం ఉంది: ఎన్నిసార్లు కరిగించినా పాడుకాదు. గురి నేర్చుకునే చోట మట్టికట్టలో దిగబడిన గుండును తవ్వి తీసి మళ్లీ పోసుకోవచ్చు. స్థానిక కమ్మరులు చేసిన, వత్తితో పేల్చే తోడేదార్ తుపాకుల గొట్టాలకు ఒకే కొలత ఉండేది కాదు కాబట్టి ఏ తుపాకి అచ్చు దానికే ఉండాలి. ఈ లోపమే వికేంద్రీకరణకు పునాది అయింది, ఎందుకంటే అందరికీ సరిపోయే గుండు లేనప్పుడు అందరి గుండ్లనూ ఒకరి గోదాములో దాచడం కుదరదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుర్కొన్నది ఈ పరిస్థితినే. దత్త మండలాల్లో 80 మంది పాళెగాళ్లు, వారి కింద సుమారు 30,000 మంది సాయుధ బంట్లు ఉన్నారన్నది నాటి లెక్క. మన్రో జనరల్ క్యాంప్‌బెల్ సేనల అండతో వారిని అణచి, కొందరిని వెళ్లగొట్టి, మిగతావారికి భత్యాలు కట్టాడు.

అణచివేతతోనే ఇంటి పోత ఆగిపోయింది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆగలేదు. మన్రో వచ్చిన 46 ఏళ్లకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కట్టుబడి బంట్లు ఆయుధాలు పట్టారు, కోయిలకుంట్ల ఖజానాపై పడ్డారు. 1847 ఫిబ్రవరిలో అతన్ని ఉరితీశారు కానీ, తుపాకులూ మందూ గుండ్లూ అప్పటికీ ఊళ్లలో ఉన్నాయని ఆ తిరుగుబాటే రుజువు. ఇక 1922 ఆగస్టును చూడండి. మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం చేసిన తొలి పని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను వరుసగా కొట్టడం, తుపాకులతో పాటు తూటాలను పట్టుకుపోవడం. ఈ రెండు తిరుగుబాట్ల నడుమ వచ్చిన మార్పు తుపాకి వెనుక భాగంలో ఉంది. 1866లో బ్రిటిష్ సైన్యం మూతి నుంచి కాక వెనుకనుంచి తూటా పెట్టే స్నైడర్ తుపాకిని చేపట్టింది. దాని తూటాలో గుండు, మందు, పేలుడు టోపీ ఒకే గొట్టంలో బిగించి ఉంటాయి. గుండు ఒక్కటే ఇంట్లో పోసుకుంటే ఇక ఉపయోగం లేదు. టోపీలోని పేలుడు రసాయనం, సన్నని ఇత్తడి తొడుగు కార్ఖానా పనులు. పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మందుగుండు కార్ఖానా మొదలైంది. అప్పటినుంచి మంచి తుపాకి ఉన్నవాడు తూటా కోసం సర్కారు వైపో, దుకాణం వైపో చూడవలసిందే.

దీనికి ఇంకా గట్టి ఆక్షేపణ ఉంది. 1878లో లార్డ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. తూటా, చట్టం రెండూ దాదాపు ఒకే కాలంలో వచ్చినప్పుడు ఫలితాన్ని తూటా ఖాతాలో ఎలా వేస్తాం? ఇందుకు కర్ణాటకలోని కొడగు పనికొచ్చే ఉదాహరణ. అక్కడి కొడవ ప్రజలకు 1861 నుంచీ నిరాయుధీకరణ నుంచి మినహాయింపు ఉంది, నేటికీ లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకునే వెసులుబాటు కొనసాగుతోంది. చట్టం చెయ్యి పడని ఆ సీమలో కూడా తూటాలు దుకాణంలోనే కొంటున్నారు. లైసెన్సు తుపాకుల్లో మనవాళ్లకు బాగా తెలిసిన 12 బోరు కొలతలో పాత పోత జాడ మిగిలి ఉంది: గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు పన్నెండు తూగుతాయని దాని లెక్క. అచ్చు పోయినా కొలత నిలిచింది.

మూతి నుంచి దట్టించే భర్మార్ తుపాకుల మాటేమిటన్నది మరో ప్రశ్న. తెలంగాణ సాయుధ పోరాటంలో 1940లలో కూడా వాటిని వాడారు, అడవి అంచు ఊళ్లలో నాటు తుపాకులు ఇప్పటికీ పట్టుబడుతున్నాయి. నిజమే. అయితే నున్నని గొట్టం, మూతి నుంచి దట్టించే మందు ఉన్న చోట మాత్రమే ఇంటి గుండు బతికిందని ఈ ఉదాహరణే చెబుతోంది. అలాంటి గొట్టానికి కచ్చితమైన గుండు తప్పనిసరి కూడా కాదు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో దక్కను సుల్తానుల ఫిరంగిదళ నాయకుడు రూమీఖాన్ ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు దట్టించి విజయనగర సేనపై పేల్చాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. చిన్న రవ్వలకైతే అచ్చే అక్కర్లేదు. బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ కరిగిన సీసాన్ని జల్లెడ గుండా ఎత్తునుంచి నీళ్లలోకి జారవిడిచి గుండ్రని రవ్వలు చేసే పద్ధతికి 1782లో పేటెంటు పొందాడు.

ఇప్పుడు అమెరికాలో సొంత వాడకానికి గుండ్లు పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అడగరు, కొత్త అచ్చులు దుకాణాల్లో దొరుకుతాయి. మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్ మందుగుండు అన్న దాని కిందికే దాని భాగాలను, దాన్ని తయారుచేసే యంత్రసామగ్రిని చేర్చింది. లైసెన్సు లేని తయారీని అయిదో సెక్షన్ నిషేధిస్తోంది. 2019 సవరణ తర్వాత అందుకు శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. వేరుశనగ చేలను అడవి పందులు కుళ్లగిస్తుంటే రైతుకు ఇది కఠినంగా తోచవచ్చు. పంట నష్టం నిజమైన బాధే. కానీ ఆ బాధకు పరిహారం అడగాలి, కంచెకు సాయం అడగాలి, అటవీ శాఖ అనుమతితో నియంత్రణ కోరాలి. కట్టెల పొయ్యి మీద సీసం కరిగించడం దానికి మందు కాదు.

ఎందుకంటే చట్టం కన్నా ముందు సీసమే మనిషిని శిక్షిస్తుంది. కరిగే సీసంలో ఒక్క నీటి చుక్క పడితే అది క్షణంలో పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బే ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. అది కంటికి కనిపించే ప్రమాదం. పైన తేలిన బూడిదరంగు తెట్టును తీసేటప్పుడు లేచే ధూళి కనిపించదు. అది చేతులకు, బట్టలకు, నేలకు అంటుకుని అన్నంతో పాటు కడుపులోకి పోతుంది. నేల మీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, పైగా పెద్దల కన్నా వారి ఒంట్లోకి సీసం ఎక్కువగా ఇంకుతుంది. వారి మెదడుకు హాని చేయని సీసపు మోతాదంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021లో పిల్లల రక్తంలో గమనించవలసిన స్థాయిని డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. పాత బ్యాటరీలు పగలగొట్టి పలకలు కరిగించే ఇళ్లకూ, వలల బరువులు పోసుకునే వారికీ ఇదే వర్తిస్తుంది. సీసం కరిగించిన గిన్నెను, గరిటెను తోమి మళ్లీ వంటకు వాడకూడదు. ఆ పని జరిగిన ఇంట్లో పిల్లలుంటే చీపురుతో ఊడవకుండా నేలను తడిగుడ్డతో తుడవాలి, పిల్లల రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించాలి.