ఆటల పెట్టెకు ఆటలే ప్రాణము

రేడియో పెట్టెను ఏ కంపెనీవారు చేసినను, ముల్లు త్రిప్పినచో అందుబాటులోని కేంద్రములన్నియు అందులో వినవచ్చును. ఒక కంపెనీవారి పెట్టెలో మాత్రమే పలుకు కేంద్రమును మన మెరుగము. టెలివిజనుకు తగిలించి ఆడుకొను గేమ్ కన్సోల్ సంగతి ఇందుకు భిన్నము. ఒక కన్సోల్‌లో నున్న ఆట వేరొకదానిలో లేకపోవచ్చును. అందుచేతనే కొనువారు మొదట అడుగు ప్రశ్న యిది: ఈ పెట్టెలో తప్ప మరెందును దొరకని ఆటలు చాలినన్ని యున్నవా? చాలినన్ని యనగా నెన్ని? జపానుదేశపు నింటెండో సంస్థ చరిత్రను తిరుగవేసినచో ఇందుకు సమాధానము కొంత దొరకును.

క్యోటో నగరమున 1889లో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ యిది. 1983 జూలైలో ఫామికామ్ అను కన్సోల్‌ను విడుదల చేసెను. ఆ యేడే అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలెను. పలువురు నాసిరకపు ఆటలను గుప్పింపగా, అంగళ్లలో సరుకు పేరుకొని, కొనువారికి నమ్మకము సడలెను. అట్టి దేశమున 1985లో తమ యంత్రమును ఎన్.ఇ.ఎస్. అను పేరుతో ప్రవేశపెట్టుచు నింటెండోవారు గట్టి కట్టుబాట్లు చేసిరి. అనుమతి లేని ఆట నడువకుండ లోపల నొక తాళపు చిప్ నమర్చిరి. బయటి కంపెనీ యేడాదికి ఐదు ఆటలకు మించి తేరాదు. తెచ్చిన ఆటను రెండేండ్లవరకు వేరొక కన్సోల్‌కు ఈయరాదు. కార్ట్రిడ్జిలను నింటెండోచేతనే చేయించుకొనవలెను. కొనామీ సంస్థ ఆ ఐదింటి హద్దును దాటుటకై అల్ట్రా గేమ్స్ అను మరొక పేరు పెట్టుకొనవలసి వచ్చెను.

ఈ విధముగా ప్రత్యేకపు ఆటలు రాశిగా చేరెను. నాసి సరుకు బెడద తగ్గుటచే కొనువారికి మేలే జరిగెను. అయినను నిర్బంధముతో నిలిచిన చెలిమి నిర్బంధ మున్నంతవరకే నిలుచును.

1994 డిసెంబరులో సోనీవారి ప్లేస్టేషన్ వచ్చెను. దాని ఆటలు సీడీల మీద నుండెను. సీడీ చవుక, పైగా సుమారు 650 మెగాబైట్లు పట్టును. 1996లో వచ్చిన నింటెండో 64 మాత్రము కార్ట్రిడ్జినే నమ్ముకొనెను. ఆట వెంటనే మొదలగుటయు, దొంగ ప్రతులు తీయుట కష్టమగుటయు అందలి లాభములు. కాని వానిలో మిక్కిలి పెద్దదియు 64 మెగాబైట్లకు మించలేదు. మొదటి ఆరు ఫైనల్ ఫాంటసీ ఆటలను నింటెండో యంత్రములకే యిచ్చిన స్క్వేర్ సంస్థ, 1997లో ఏడవదానిని మూడు సీడీలతో ప్లేస్టేషన్‌కు ఇచ్చెను. డ్రాగన్ క్వెస్ట్ ఆటయు అదే త్రోవ పట్టెను. నింటెండో 64కు సూపర్ మారియో 64 వంటి మేటి ఆటలు లేకపోలేదు. ఒక మేటి ఆటకును మరొకదానికిని నడుమ నిరీక్షణమే దీర్ఘమయ్యెను. తుదకు ప్లేస్టేషన్లు 10 కోట్లకు పైగా అమ్ముడుపోగా, నింటెండో 64 యంత్రములు 3 కోట్ల 29 లక్షలకు ఆగెను.

ఈ పాఠము 2012లో మరల చదువవలసి వచ్చెను. ఆ యేట వచ్చిన వీ యూ కన్సోల్‌ను బయటి కంపెనీలు క్రమముగా విడిచెను. నింటెండోవారి సొంత శ్రమ యింటి కన్సోల్‌కును, చేతిలో పట్టుకొని ఆడు త్రీడీఎస్‌కును పంచుకొనవలసి యుండెను. ఆటలు ఆలస్యమయ్యెను. వీ యూ అమ్మకము 1 కోటి 35 లక్షల వద్ద నిలిచెను. దానిని నమ్మి సొమ్ము పెట్టిన కుటుంబములకు క్రొత్త ఆటకై కాచుకొనుటయే మిగిలెను.

2017 మార్చిలో వచ్చిన స్విచ్, ఇంటి యంత్రమును చేతి యంత్రమును ఒక్కటి చేసెను. సొంత కర్మశాలలోని ఆటలన్నియు ఒకే పెట్టెకు ప్రవహింపసాగెను. 2014లో వీ యూకు వచ్చిన మారియో కార్ట్ 8 సుమారు 84 లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. అదే ఆట కొన్ని చేర్పులతో స్విచ్ మీద 6 కోట్లు దాటెను. ఆట యొక్కటియే, వెనుకనుండి మరి కొన్ని తప్పక వచ్చునను నమ్మకము రెండవసారి తోడయ్యెను.

ప్రత్యేకపు ఆటల పట్టుదల అందరిలో నొకేరీతిగ లేదు. సోనీవారు 2020 మొదలు తమ పేరుగల ఆటలను కొన్నింటిని కంప్యూటరుకును విడుదల చేసిరి. మైక్రోసాఫ్ట్‌వారు 2023లో ఆక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొనియు, 2024లో తమ ఎక్స్‌బాక్స్ ఆటలు నాలుగింటిని పోటీదారుల యంత్రములకు పంపిరి. అట్లు చేసినపుడు ఆటకు ఆడువారు పెరుగుదురు. ఆ పెట్టెనే కొనవలసిన యవసరము మాత్రము తరుగును.

కావున చాలినన్ని యనుటకు లెక్క జాబితా పొడవులో లేదు. గడచిన యేడాది వచ్చినదేమి, రాబోవునది యెవరి కర్మశాలనుండి వచ్చుచున్నది, ఎంత యెడముతో వచ్చుచున్నది — ఈ మూడింటిని విచారించిన పిమ్మట సొమ్ము చెల్లించుట గృహస్థునకు క్షేమము.