మాయల ఫకీరు ఎవరివాడు?

తెలుగు పిల్లల కథల్లో మేం ఎక్కడున్నాం? ఇదేం పెద్ద ప్రశ్న అనిపించవచ్చు. కానీ పక్కింటివాడి బొమ్మను పిల్లవాడి మనసులో మొదట గీసేది కథే. చరిత్ర పాఠం తర్వాతెప్పుడో వచ్చి ఆ బొమ్మకు రంగులద్దుతుంది.

బాలనాగమ్మ కథనే తీసుకుందాం. బుర్రకథగా ఊరూరా తిరిగింది. 1942లో ఒకసారి, 1959లో ఇంకోసారి సినిమా అయింది. బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాంత్రికుణ్ణి కొందరు మాయల మరాఠీ అన్నారు, కొందరు మాయల ఫకీరన్నారు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో. బాలవర్ధి ఆ చిలకను చంపితే మేమూ చప్పట్లు కొట్టినవాళ్లమే. మరి గల్లీలో ఊదుపొగ వేసి, నెమలీకల కట్టతో దీవించి, పిడికెడు బియ్యం అడిగే ఫకీరును చూసి పిల్లలు తల్లి కొంగుచాటుకు పోతే ఆ భయం ఎక్కడిది?

ఇప్పుడు గులేబకావళి కథ చూడండి. ఇది మా నానీమాలు చెప్పిన కథ. 18వ శతాబ్దంలో ఇజ్జతుల్లా బెంగాలీ ఫార్సీలో రాశాడు. 1803లో నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనంలోకి తెచ్చాడు. తర్వాత దయాశంకర్ నసీమ్ మస్నవీగా అల్లాడు. తండ్రికి పోయిన చూపు తెచ్చే పువ్వు కోసం బయల్దేరిన రాకుమారుడు అందులో తాజుల్ ములూక్. 1962లో ఎన్.టి.రామారావు 'గులేబకావళి కథ' తీసేసరికి అతను విజయుడయ్యాడు. ఇందులో మాకు ఫిర్యాదు లేదు. కథలు ఊళ్లు మారితే పేర్లూ మారతాయి. మేం అడిగేదొకటే: మంచివాడు పేరు మార్చుకున్నాడు సరే, చెడ్డవాడు మాత్రం ఫకీరుగానే ఎందుకుండిపోయాడు?

చందమామ సంగతి వేరు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని దిద్దాడు. మాలో ఎంతోమంది తెలుగు నేర్చింది అక్కడే. అల్లావుద్దీన్, అలీబాబాలను తెలుగు పిల్లలు సొంతవాళ్లలా ప్రేమించారు. కానీ వాళ్లంతా అరబ్బు దేశాల్లో ఉన్నారు. ఉప్పల్‌లో పంక్చర్లు వేసే చాచా, నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చే అబ్బా ఆ పేజీల్లో మాకు కనబడలేదు. మేం బాగ్దాదులో ఉన్నాం, నాచారంలో లేం.

ఇక చారిత్రక నవలలు. 'గోన గన్నారెడ్డి' రాసిన అడివి బాపిరాజు 1940లలో హైదరాబాదులో తెలుగు 'మీజాన్' పత్రిక సంపాదకుడు. అదే పేరుతో ఉర్దూ పత్రికా వెలువడేది. రచయిత మా మధ్యే ఉన్నాడు, కథ మాత్రం కాకతీయులది. అది ఆయన ఇష్టం. అయితే పిల్లల చేతికందే చారిత్రక కథలు చాలావరకు 1323లో ఓరుగల్లు దగ్గరో, 1565లో తళ్లికోట దగ్గరో ఆగిపోతాయి. మేం కథ ముగించడానికి వచ్చినవాళ్లుగానే మిగులుతాం.

ఇబ్రహీం కుతుబ్‌షా జీవితం చూడండి. అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి, 1543 నుంచి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కి తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగన అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చింది ఆ కాలంలోనే. అదే ఇబ్రహీం 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి యుద్ధానికి వెళ్లాడు. ఆ సంగతి దాచమని మేం అనం. మావాణ్ణి దేవుణ్ణి చేయక్కర్లేదు, మనిషిగా చూపిస్తే చాలు. పిల్లల నవలకు ఇంతకన్నా ఏం కావాలి?

నాచారం పక్కనే మౌలాలి గుట్ట ఉంది. కుతుబ్‌షాహీ కొలువులోని యాకూత్‌కు కలలో హజ్రత్ అలీ ఆ గుట్ట మీద కనిపించాడనీ, తెల్లారి వెళ్లి చూస్తే రాతిమీద చేతిముద్ర ఉందనీ చెప్పుకుంటారు. ఇదీ ఇబ్రహీం కాలం కథే. ఆ గుట్టను హిందువులూ ఎక్కుతారు. గుట్ట కింద, 1824లో కన్నుమూసిన ఉర్దూ కవయిత్రి మహ్‌లఖాబాయి చందా సమాధి ఉంది. చేతిముద్ర కథ చరిత్రేనని మేం ఒట్టు వేయం. మాయల ఫకీరు మాత్రం చరిత్రా?

మా పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి దూరమైంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగో ఇంగ్లీషో చదువుతారు. అందుకే ఈ కథలు తెలుగులో రావాలి. రెండు భాషలూ తెలిసిన మేమే రాయాలి. మా పిల్లలకే కాదు, గోడ అవతలి పిల్లలకు కూడా.