కలకత్తా కార్లు, కందెనలు

1867లో కలకత్తాలో స్థాపితమై నేటికిని కందెనలు తయారుచేయుచున్న బామర్ లారీ సంస్థ పుట్టినాటికి మోటారుకారు పుట్టనేలేదు. కారు వచ్చిన పిదప, నూనెల స్నిగ్ధతకు అంకెలు నిర్ణయించు పద్ధతిని అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘమువారు 1911లో నెలకొల్పిరి. ఒకే అంకెగల ఆ నూనెలు చలికి చిక్కబడి యంత్రభాగములకు ఆలస్యముగా చేరుటయు, వేడికి పలుచనై లోహముల నడిమి పొరను నిలుపలేకపోవుటయు గలదు గనుక, శీతలదేశములవారు ఋతువు మాఱినప్పుడెల్ల నూనెను మార్చుచుండిరి.

శీతకాలమునను ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువ కరుదుగా దిగెడి కలకత్తాకు అసలు పరీక్ష వేసవియే. కిక్కిరిసిన వీధులలో మందగమనమున నిలిచి నిలిచి సాగుచు, చల్లగాలి సోకక కాగిపోవు టాక్సీయంత్రమునకు, వేడిలోను చిక్కదనము కోల్పోని నూనెయే ప్రాణాధారము. హుగ్లీ పడమటి గట్టున ఉత్తరపాడలో 2014 వఱకు నిర్మితమైన అంబాసిడరు కారులో చిరకాలము పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు యంత్రమునకు, దీర్ఘాణుద్రవ్యముల చేర్పుచే చలికి 20గాను వేడికి 40గాను ప్రవర్తించు 20డబ్ల్యూ-40 నూనె ఎంతయు అనుకూలము. నేటి 0డబ్ల్యూ-20 వంటి పలుచని నూనె, సూక్ష్మమైన సందులతో నిర్మితమైన నవీనయంత్రములకు తగినదే యైనను, అరిగిన ఆ వృద్ధయంత్రమున పోయుట దానికి అపకారమే యని నా దృఢాభిప్రాయము.