తోక ఎముక నొప్పి

వెన్నెముక చిట్టచివర, పిర్రల చీలిక పైభాగంలో వేలికి తగిలే చిన్న ఎముక అనుత్రికం. సాధారణంగా నాలుగు, కొందరిలో మూడో అయిదో పూసలు కలిసి ఇది ఏర్పడుతుంది. ఇక్కడ పుట్టే నొప్పిని వైద్యులు కాక్సిడీనియా అంటారు. ప్రసవాల్లో క్లోరోఫారం వాడకానికి ఆద్యుడైన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1859లో ఈ పేరు పెట్టాడు. మగవారికన్నా ఆడవారిలో దాదాపు అయిదు రెట్లు ఎక్కువ.

ఇది కూర్చుంటే వచ్చే నొప్పి. నడిస్తే తగ్గుతుంది, వెనక్కి జారగిలబడితే పెరుగుతుంది, కూర్చున్నచోటి నుంచి లేచే క్షణంలో కలుక్కుమంటుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే రోగి ఒక్క వేలితో చూపిస్తాడు. నడుం అంతా పట్టేసినా, నొప్పి కాలిలోకి దిగినా కారణం వేరే చోట వెతకాలి.

కారణాల్లో మొదటిది చతికిలబడటం. కొల్లేరు చుట్టూ కైకలూరు, మండవల్లి ప్రాంతాల చేపల చెరువుల గట్లు నల్లమట్టివి. వాన పడితే సబ్బులా జారతాయి. మేత బస్తా భుజాన ఉన్నవాడికి చేయి ఆన్చుకునే వీలుండదు, బరువంతా ఆ ఎముకమీదే పడుతుంది. ఒక్క దెబ్బ అక్కర్లేదు కూడా. తాటి దోనె అడుగున గంటల తరబడి కూర్చోవడం, గుంతల గట్టుమీద బండి నడపడం, ఏలూరు తివాచీల మగ్గం ముందు పలకమీద పని, తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థి ల్యాప్‌టాప్ ముందు వాలిపోవడం, అన్నీ అదే చోటును నొక్కేవే. కాన్పులోనూ ఈ ఎముక వెనక్కి నెట్టుకుపోవచ్చు. బాలింత నొప్పి అంటే ఇంట్లోవాళ్లు వాతమని తోసేస్తారు. పథ్యం పేరుతో కూరలు, నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి ముక్కినప్పుడల్లా నొప్పి రేగుతుంది.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో తప్పు కనబడకపోవచ్చు. అందుకే పారిస్ వైద్యుడు జాన్ ఈవ్ మేన్య నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి తీసి పోల్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. రెంటి మధ్య ఎముక 25 డిగ్రీలకు మించి వంగితే అతిగా కదులుతున్నట్టు లెక్క. ఏలూరులో ఆశ్రం ఆసుపత్రిలోనో, 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో ఎముకల వైద్యుణ్ణి కలిసినప్పుడు ఈ సంగతి అడగడం మంచిదే.

విరిగినా దీనికి కట్టు లేదు. పుత్తూరు కట్టుకూ అందని ఎముక ఇది. కమిలితే కొన్ని వారాలు, విరిగితే రెండు మూడు నెలలు పడుతుంది. వెనకవైపు కోత ఉన్న దిండు వేసుకుని కాస్త ముందుకు వంగి కూర్చోవాలి. మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండు కొందరికి నొప్పి పెంచుతుంది. అరగంటకోసారి లేవడం, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవడం, డాక్టరు రాసిన నొప్పి మాత్రలు, కటి కండరాలను సడలించే ఫిజియోథెరపీ: పదిమందిలో తొమ్మిదిమందికి ఇంతే చాలు. మలద్వారం గుండా వేలితో ఎముక సరిచేస్తామనే నాటు చికిత్స మాత్రం వద్దు. ఆ పద్ధతి వైద్యంలో ఉంది గానీ శిక్షణ ఉన్నవారే చేయాలి.

జ్వరం, చీము, రక్తస్రావం, రాత్రి నిద్రలోనూ తగ్గని నొప్పి, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే ఆలస్యం చేయకూడదు. చీము కారితే అది ఎముక జబ్బు కాక, వెంట్రుకలు లోపలికి దిగి ఏర్పడే గడ్డ కావచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో జీపుల్లో తిరిగిన అమెరికన్ సైనికులను అది బాగా వేధించింది.

నెలల తరబడి తగ్గనివారికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, లేదా ఎముక ముందున్న నాడీగ్రంథికి మత్తుమందు ఎక్కిస్తారు. ఎముకను తీసేసే ఆపరేషన్ చివరి దారి. కోత మలద్వారానికి దగ్గర కాబట్టి పుండు పట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే సర్జన్లు దానికి తొందరపడరు.