మోకాలు తలుపు కీలు కాదు

తలుపుకున్నదీ కీలే, మోకాలికున్నదీ కీలే అంటాము మనము. తెలుగు రాకపోయినా యూరపు వైద్యులు కూడా చాలాకాలం అలాగే తలచారు. మన సంఘ సభ్యులలో మోకాళ్ళు అరిగి ట్రెజరీ మెట్లు ఎక్కలేనివారు అనేకులు. ఆపరేషను మాట ఎత్తగానే "అవి నాలుగేళ్ళకే ఊడిపోతాయటండీ" అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టినదో చూద్దాము.

1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోకిల్స్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగుదంతంతో మడతకీలు చేయించి, క్షయ సోకిన మోకాలిలో అమర్చాడు. ఆ ధైర్యం మెచ్చుకోదగినదే గాని, లోపలి రోగం తిరగబెట్టి ప్రయత్నం విఫలమైంది. 1950 దశకంలో స్వీడన్ వైద్యుడు వాల్డియస్ తొలుత ఆక్రిలిక్‌తోను, పిమ్మట లోహంతోను చేసినదీ మడతకీలే. అయితే మోకాలు ఒకే ఇరుసు మీద తిరిగేది కాదు. వంగేటప్పుడు తొడ ఎముక కాలి ఎముకపై కొంత దొర్లుతుంది, కొంత జారుతుంది, కొద్దిగా మెలి తిరుగుతుంది. ఒకే ఇరుసుకు బిగించితే ఆ మెలి బలమంతా ఎముకలో దిగిన కాడల మీద పడి అవి వదులవుతాయి. "ఊడిపోతాయట" అనే అపవాదు ఆ కాలం నాటిదని నా అభిప్రాయము.

మంచి దారి మోకాలి దగ్గర కాక తుంటి దగ్గర దొరికింది. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ తుంటికి టెఫ్లాన్ గిన్నెలు వేసేవాడు. అవి కొద్ది ఏళ్ళకే అరిగిపోయేవి. 1962లో ఒక అమ్మకందారు మగ్గాల పళ్ళచక్రాలకు వాడే గట్టి పాలిథిన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ గోటితో గీచి చూసి పనికిరాదన్నాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు వర్క్‌షాపు సహాయకుడు హారీ క్రావెన్ దానిని యంత్రం మీద అరగదీసి చూడగా, దాని అరుగుదల టెఫ్లాన్‌తో పోలిస్తే అత్యల్పమని తేలింది. కిందివాడు పెట్టిన నోటు పైవాడు చదివితే ఎంత మేలో, గుమస్తాగిరి చేసిన మనకు వేరే చెప్పాలా!

అదే ఆసుపత్రిలో పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్, 1968లో ఇరుసు లేని మోకాలు అమర్చాడు. ఆయన ముందు ఇంజనీరింగ్ చదివి, తరువాత వైద్యంలోకి వచ్చినవాడు. లోహపు చక్రపు ముక్కలు ప్లాస్టిక్కు పట్టాలపై దొర్లే ఏర్పాటది. బిగించేది ఎముక సిమెంటు. 1974లో న్యూయార్కులో జాన్ ఇన్సాల్ బృందం దానికి నేటి రూపం దగ్గరగా తెచ్చింది. ఆ బృందంలోని చిత్తరంజన్ రణావత్ మనదేశంలో పుట్టినవాడే. 2000లో ఒకటి, 2001లో ఒకటి, ప్రధాని వాజ్‌పేయి గారి రెండు మోకాళ్ళకూ ముంబయిలో ఆపరేషను చేసినది ఆయనే.

నిజానికి "మార్పిడి" అనే మాట సరికాదు. మోకాలు తీసివేయరు, అరిగిన ఎముక కొసలు చెక్కి, రోకలికి పొన్ను తొడిగినట్లు లోహం తొడిగి, నడుమ ప్లాస్టిక్కు పలక ఉంచుతారు. ఎన్నాళ్ళు ఉంటుందంటారా? 2019లో లాన్సెట్ పత్రిక లెక్క ప్రకారం నూటికి 82 వరకు పాతికేళ్ళు నిలుస్తాయి. మన వయసుకు అంతకన్న ఏమి కావాలి! అయితే నెలల తరబడి వ్యాయామం తప్పదు, కింద బాసింపట్టు వేసి భోజనానికి కూర్చోవడం చాలామందికి కుదరదు.

గన్‌స్టన్ తన మోకాలికి పేటెంటు తీసుకోలేదు. మనదేశంలో మాత్రం కోబాల్ట్ క్రోమియం మోకాలు గరిష్ఠ ధర సగటున 1,58,324 రూపాయలు ఉండేది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ దానిని 54,720 రూపాయలకు దించింది, పన్ను అదనం.