తాయిఫ్ ఫైనల్‌లో లేని అబూబకర్

2023 ఆగస్టు 12 రాత్రి తాయిఫ్‌లోని కింగ్ ఫహద్ స్టేడియంలో అరబ్ క్లబ్ ఛాంపియన్స్ కప్ ఫైనల్ జరిగింది. రియాద్‌కు చెందిన పాత ప్రత్యర్థులు అల్ నస్ర్, అల్ హిలాల్ తలపడ్డాయి. నస్ర్ 2-1తో గెలిచింది. రెండు గోల్స్ క్రిస్టియానో రొనాల్డోవే. ఆ గోల్స్ గురించి కావలసినంత రాశారు. రొనాల్డోకు చోటివ్వడం కోసం ఏడు నెలల ముందు జాబితాలోంచి తప్పించిన మనిషి గురించి మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోలేదు. ఆటగాడిని ఎప్పుడు తీసేస్తారు, ఏ లెక్క ప్రకారం తీసేస్తారు, ఆ లెక్క రాసేటప్పుడు అతని మాట అడుగుతారా లేదా అన్నది ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి. సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన, సరవాత్ కొండల మీద ఉంది తాయిఫ్. వసంతంలో గులాబీ తోటలు, వేసవిలో రాజధాని హడావుడి. కింద మక్కా మండిపోతుంటే రాజులు, మంత్రులు కొండెక్కి ఇక్కడికి వచ్చేవారు. ఇస్లాంకు ముందే ఈ దగ్గర్లో ఉకాజ్ సంత జరిగేది. తెగలన్నీ వైరాలు పక్కన పెట్టి వచ్చి సరుకులు అమ్ముకునేవి, కవులు పోటీపడేవారు. నాబిఘా అనే పెద్ద కవి ఎర్ర తోలు గుడారంలో కూర్చుని ఎవరి పద్యం గొప్పదో తీర్పు చెప్పేవాడంటారు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఊరు చేతులు మారుతూ వచ్చింది. ఖలీఫాలు, మక్కా షరీఫులు, ఒట్టోమన్లు ఏలారు. 1924లో ఇబ్న్ సౌద్ సేనలు పట్టుకున్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో తాయిఫ్ పేరు ఒప్పందాలతో ముడిపడింది. 1934లో సౌదీ, యెమెన్ తమ యుద్ధాన్ని తాయిఫ్ ఒడంబడికతో ముగించుకున్నాయి. 1989 అక్టోబరులో లెబనాన్ పార్లమెంటు సభ్యులు ఇక్కడికే వచ్చి, పదిహేనేళ్లు సాగిన అంతర్యుద్ధానికి తెరదించే ఒప్పందానికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది కువైట్‌ను ఇరాక్ ఆక్రమిస్తే, అమీరు ప్రవాస ప్రభుత్వాన్ని నడిపింది కూడా ఇక్కడి నుంచే.

ఊళ్లో రెండు ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. ఒకటి వజ్, అది ఇక్కడి లోయ పేరు. రెండోది ఉకాజ్, ఆ పాత సంత పేరు. రెండూ ఇప్పుడు పై లీగ్‌లో లేవు. కాబట్టి పెద్ద ఆట ఈ ఊరికి వచ్చిందంటే బయటి జట్లతోనే వస్తుంది. 2023 ఆగస్టులో అలాగే వచ్చింది.

ఇప్పుడు అబూబకర్ దగ్గరికి వస్తాను.

విన్సెంట్ అబూబకర్ అప్పట్లో కామెరూన్ కెప్టెన్. 2022 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సొంత గడ్డ మీద జరిగిన ఆఫ్రికా కప్‌లో 8 గోల్స్ కొట్టి అందరికంటే ముందు నిలిచాడు. అప్పటికే అల్ నస్ర్ ఆటగాడు, 2021లో చేరాడు. 2022 డిసెంబరు 2న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ప్రపంచకప్ లీగ్ దశ చివరి మ్యాచ్ బ్రెజిల్‌తో ఆడాడు. ఇంజురీ టైమ్‌లో కుడివైపు నుంచి వచ్చిన క్రాస్‌ను తలతో కొట్టి గోల్ చేశాడు. ఆనందం పట్టలేక చొక్కా విప్పేశాడు. అప్పటికే ఒక పసుపు కార్డు ఉంది. రిఫరీ ఇస్మాయిల్ ఎల్ఫాత్ నవ్వుతూ వచ్చి, చేయి కలిపి, తల నిమిరి, రెండో పసుపు కార్డు, వెంటనే ఎర్ర కార్డు చూపించాడు. అబూబకర్ కూడా నవ్వుతూనే బయటికి నడిచాడు. ప్రపంచకప్‌లో బ్రెజిల్‌ను ఓడించిన మొదటి ఆఫ్రికా జట్టు కామెరూన్. ఆ గోల్ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

నెల తిరక్కుండానే డిసెంబరు 30న అల్ నస్ర్ రొనాల్డోను తీసుకున్నట్టు ప్రకటించింది. జనవరి 3న రియాద్‌లో అభిమానుల మధ్య అతణ్ని పరిచయం చేసింది. చిక్కంతా అప్పుడే మొదలైంది. ఆ సీజన్‌లో సౌదీ లీగ్‌లో ఒక్కో క్లబ్బు 8 మంది విదేశీయులనే నమోదు చేసుకోవాలి. నస్ర్ కోటా అప్పటికే నిండిపోయింది. రొనాల్డో తొమ్మిదోవాడు. ప్రపంచంలో ఎవరికీ లేనంత జీతం ఇవ్వడానికి క్లబ్బు దగ్గర డబ్బుంది, జాబితాలో మాత్రం గడి లేదు. కొద్ది రోజుల్లో అబూబకర్ కాంట్రాక్టు గడువుకు ముందే ముగిసినట్టు ప్రకటన వెలువడింది. అతను తుర్కియేకు, తన పాత క్లబ్బు బెషిక్తాష్‌కు వెళ్లిపోయాడు. జనవరి 22న రొనాల్డో సౌదీ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు.

దీనికి రొనాల్డోను తప్పుపట్టలేం. క్లబ్బును కూడా పూర్తిగా తప్పుపట్టలేం, నిబంధన అలా ఉంది. కానీ నెల కిందట బ్రెజిల్‌ను ఓడించినవాడి ఆట తగ్గిందని ఎవరూ అనలేదు. అతణ్ని జట్టులోంచి తప్పించింది పాస్‌పోర్టుల లెక్క.

ఏడు నెలల తర్వాత తాయిఫ్‌లో ఫైనల్. విరామం తర్వాత 51వ నిమిషంలో హిలాల్ తరఫున బ్రెజిల్ ఆటగాడు మైఖేల్ గోల్ చేశాడు. 71వ నిమిషంలో నస్ర్ డిఫెండర్ అబ్దులిలాహ్ అల్ అమ్రీకి ఎర్ర కార్డు పడింది. పది మందితో ఉన్న నస్ర్‌కు మూడు నిమిషాల్లోనే రొనాల్డో సమం చేసిపెట్టాడు. 78వ నిమిషంలో నవాఫ్ బూషల్ కూడా బయటికి వెళ్లాడు. ఇక మిగిలింది తొమ్మిది మంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో 98వ నిమిషంలో సెకో ఫోఫానా కొట్టిన బంతి బారుకు తగిలి వెనక్కి వస్తే రొనాల్డో తలతో లోపలికి నెట్టాడు. చివర్లో అతనే గాయంతో బండి మీద బయటికి వెళ్లాడు. తొమ్మిది మంది చివరిదాకా కోట కాచారు. టోర్నీలో 6 గోల్స్‌తో రొనాల్డోదే పై స్థానం. సౌదీ ఫుట్‌బాల్‌లో ఇంత రసవత్తరమైన ఫైనల్ నేను చూడలేదు. మూడు రోజుల తర్వాత హిలాల్ నెయ్‌మార్‌ను తెచ్చుకుంది.

సౌదీలో విదేశీయుల సంఖ్యకు గీత గీస్తే, మరికొన్ని చోట్ల జీతాలకు గీశారు, అదీ కొత్త సంగతి కాదు. ఇంగ్లండ్‌లో 1901లోనే వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్నారు. 1907లో మాంచెస్టర్‌లో ఆటగాళ్లు యూనియన్ పెట్టుకున్నారు. 1909లో యూనియన్ వదిలేయకపోతే ఆడనివ్వమని ఫుట్‌బాల్ సంఘం బెదిరిస్తే, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు వదలబోమన్నారు. వెలివేసిన జట్టు అని పలక మీద రాసుకుని కెప్టెన్ చార్లీ రాబర్ట్స్‌తో కలిసి ఫొటో దిగారు. సీజన్ మొదలయ్యేలోపు సంఘమే దిగివచ్చింది. అయినా జీతం గీత అరవై ఏళ్లు నిలిచింది. 1961 జనవరిలో జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధపడేసరికి 20 పౌండ్ల పరిమితి రద్దయింది. ఫుల్హమ్ ఆటగాడు జానీ హేన్స్ జీతం 100 పౌండ్లకు చేరింది.

అమెరికావాళ్ల సొంత ఆట అయిన అమెరికన్ ఫుట్‌బాల్‌లో జీతాల గీత ఇప్పటికీ ఉంది, కానీ దాన్ని ఆటగాళ్ల సంఘంతో బేరమాడి గీశారు. 1987లో ఆటగాళ్లు సమ్మె చేస్తే యజమానులు వేరేవాళ్లను పెట్టి మ్యాచ్‌లు ఆడించారు. కోర్టుల్లో తేలాక 1993 ఒప్పందం కుదిరింది, 1994లో జట్టుకు 3.46 కోట్ల డాలర్ల పరిమితి వచ్చింది. 2025 నాటికి అది 27.92 కోట్లు. ఏటా ఆగస్టు చివర 90 మంది జాబితాను 53కు కుదించాలి. ఆ రోజు ఎందరో ఇంటికి వెళ్తారు. జీతం పెరిగిన సీనియర్‌ను తీసేస్తే పరిమితిలో చోటు మిగులుతుంది, తక్కువ జీతానికి కుర్రాడు దొరుకుతాడు. చాలామంది కాంట్రాక్టులకు పూర్తి హామీ ఉండదు. అక్కడా బాధ తప్పదు. కానీ 2020 ఒప్పందానికి ఆటగాళ్లు స్వయంగా ఓటేశారు, 1,019 మంది ఔనన్నారు, 959 మంది కాదన్నారు. ఆదాయంలో తమ వాటా 48 శాతమని అందులో రాయించుకున్నారు.

సౌదీలో కార్మిక చట్టం యూనియన్లను, సమ్మెను అనుమతించదు. అక్కడ గీత జీతం మీద కాదు, విదేశీయుల సంఖ్య మీద. ఈ లెక్క మన కరీంనగర్, నిజామాబాద్, కడపల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు కొత్త కాదు. 2011లో ఉద్యోగాల్లో సౌదీల వాటా పెంచే నితాఖత్ విధానం వచ్చింది. కంపెనీలో సౌదీల శాతం తగ్గితే ఆ కంపెనీకి ఇచ్చే రంగు గ్రేడు మారుతుంది, విదేశీయుల ఇకామాలు, అంటే నివాస అనుమతులు, రెన్యువల్ కావు. 2013లో ఇచ్చిన గడువులో లక్ష మందికి పైగా భారతీయులు తిరిగి వచ్చేశారు. పని చేతకాక వచ్చినవాళ్లు కాదు. కఫీల్ అనే యజమాని దగ్గర పనిచేయలేక పారిపోయి ఖల్లివెల్లి అయినవాళ్లు, ఎక్కడైనా పనిచేయొచ్చని అమ్మే ఆజాద్ వీసా కొనుక్కుని అప్పులపాలైనవాళ్లు ఉన్నారు. కోట్ల జీతం తీసుకునే అబూబకర్‌ను వాళ్లతో పోల్చడం సమంజసం కాదని నాకు తెలుసు, అతనికి మరో క్లబ్బు దొరికింది. కానీ అతణ్నీ వాళ్లనూ తీసేసిన పద్ధతి ఒకటే. ఆ కోటా ఎంతుండాలో వాళ్లను ఎవరూ అడగలేదు. 2021 మార్చి నుంచి సౌదీలో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కొందరికి వచ్చింది, అది మంచి మార్పే.

అబూబకర్ వెళ్లాక సౌదీ ఫుట్‌బాల్‌లో లెక్కలు గజిబిజి అయ్యాయి. 2023 జూన్‌లో నాలుగు పెద్ద క్లబ్బుల్లో 75 శాతం వాటా ప్రభుత్వ పెట్టుబడి నిధికి వెళ్లింది. 2024లో విదేశీయుల కోటా 10కి పెరిగింది, అందులో రెండు కుర్రాళ్లకే. సౌదీ కుర్రాళ్లు బెంచీలకే పరిమితమవుతున్నారని అప్పటి జాతీయ జట్టు కోచ్ రాబెర్టో మాంచినీ బాధపడ్డాడు. అదీ నిజమే, కోటా పెరిగితే స్థానికుడికి ఆట దొరకదు. గాయపడ్డ నెయ్‌మార్ హిలాల్‌కు ఏడు మ్యాచ్‌లే ఆడాడు, 2025 జనవరిలో అతని కాంట్రాక్టూ ముగిసింది.

మన హైదరాబాద్ కథ ఇంకా బాధాకరం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు, బూట్లు విప్పాక కూడా జీతం ఉండేది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. జీతాల గరిష్ఠ పరిమితి ఉన్న లీగ్ అది. పరిమితి అయితే ఉంది, ఆ జీతం చేతికొస్తుందన్న హామీ లేదు. రెండేళ్లు తిరిగేసరికి బకాయిలు పేరుకున్నాయి, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం వచ్చింది, విదేశీయులు, ఆ తర్వాత మనవాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది లీగ్ భవిష్యత్తు తేలక బెంగళూరు, చెన్నై క్లబ్బులు జీతాలు ఆపేశాయి.

భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం 2006 నుంచి ఉంది. బైచుంగ్ భూటియా దానికి నాయకత్వం వహించాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లీగ్ నిబంధనలు రాసేటప్పుడు, జీతాల పరిమితి, విదేశీయుల కోటా, బకాయిలకు పూచీ, ఈ మూడింటి మీద ఆ సంఘాన్ని పిలిచి మాట్లాడాలి, కుదిరింది కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. తెలంగాణ, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘాలు సమాఖ్యను ఈ మాట అడగాలి.